మీ సీసాకి మీ గుర్తు: పవర్‌పాయింట్‌లో మీరే గీసుకోండి!

రాజమండ్రిలో ఉండే మా వదిన పచ్చళ్లు పెడుతుంది. పెడుతుందంటే ఇంట్లోకి మాత్రమే కాదు. 2021లో అన్నయ్య ఉద్యోగం పోయాక ఆ పచ్చళ్లే ఇల్లు నడిపాయి. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి... చుట్టుపక్కల నాలుగు వీధులకీ ఆవిడ సీసాలే. హైదరాబాదులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లుల సంచుల్లోకీ ఆవిడ సీసాలే.

ఓ వేసవిలో ఒకావిడ సీసా చేత్తో పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "ఏమండీ, మీ దగ్గర కొంటే ఇలా బూజు పట్టిందేమిటండీ? మీ మీద నమ్మకంతో మా అమ్మాయికి పంపిద్దామనుకున్నాను" అంది. వదిన సీసా అందుకుని చూసింది. రెండు పచ్చటి ఆకులు, మధ్యన పసుపుపచ్చ మామిడికాయ. లేబులు మీద బొమ్మ అచ్చం తనదే. సీసా మాత్రం తనది కాదు!

సంగతేమిటంటే, లేబుళ్లు వేసిచ్చే షాపులో ఇంటర్నెట్ నుంచి తీసుకున్న మామిడికాయ బొమ్మ ఒకటుంది. మా వదినకీ అదే పెట్టారు, పక్క వీధిలో పచ్చళ్లమ్మే ఇంకొకావిడకీ అదే పెట్టారు. పేరు చిన్నక్షరాల్లో ఉంటే ఎవరు చదువుతారు? బొమ్మనే కదా గుర్తుపెట్టుకునేది! వదిన వాదించలేదు. డబ్బు తిరిగిచ్చి పంపించేసింది. తరవాత నాకు ఫోన్ చేసి, "డబ్బు పోతే పోయింది గానీ, ఆ సీసా నాది కాదని చెప్పుకోడానికి నా దగ్గర గుర్తేముందమ్మా?" అంది. ఆ గొంతు విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

నెలాఖరుకి రాజమండ్రి వెళ్లాను. మేనల్లుడి పాత లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. రెండు మధ్యాహ్నాల్లో వదిన తన గుర్తు తానే తయారుచేసుకుంది. అదీ పిల్లాడు స్కూలు ప్రాజెక్టులకి వాడే పవర్‌పాయింట్‌లోనే! ఆ పద్ధతే మీకూ చెబుదామని ఈ వ్యాసం.

ఇది మీకు వచ్చిన విద్యే

పవర్‌పాయింట్ అంటే ఆఫీసు మీటింగులకే అనుకుంటాం. 1987లో అది మొదటిసారి వచ్చింది కూడా అందుకే. ఫోర్‌థాట్ అనే కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దాన్ని మెకింటాష్ కంప్యూటర్ల కోసం తయారుచేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. అప్పట్లో అది ఉపన్యాసాలకి పనికొచ్చే పటాలు వేసుకునే సాధనం. ఇప్పుడు దాని కడుపులో చిన్నపాటి బొమ్మల కార్ఖానా ఉంది. చాలామంది ఆ గది తలుపు తీయనే తీయరు.

అందులో చెయ్యాల్సినది మనకి కొత్తేమీ కాదు. చుక్కల ముగ్గు వేసే చేతికి కొలత తెలుసు. జాకెట్టు కుట్టే చేతికి, గుడ్డ మీద మెడ ఆకారం కాగితం పెట్టి దాని చుట్టూ కత్తిరించడం తెలుసు. కాజాలకి పిండి మడతపెట్టే చేతికి ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారం ఎలా పుడుతుందో తెలుసు. కంప్యూటర్‌లో కత్తెర బదులు మౌసు ఉంటుంది, అంతే తేడా. పైగా ఇక్కడ గుడ్డ పాడవదు. తప్పు చేస్తే కంట్రోల్ మీట నొక్కిపట్టి 'జెడ్' కొట్టండి. చేసిన తప్పు చెరిగిపోతుంది.

ముందుగా కావలసినవి

కంప్యూటర్‌లో గానీ లాప్‌టాప్‌లో గానీ పవర్‌పాయింట్ 2013, లేదా ఆ తరవాత వచ్చినది ఉండాలి. 2010 దాంట్లోనూ ఈ సదుపాయం ఉంది గానీ, ఎక్కడో దాచిపెట్టినట్టు ఉంటుంది, వెతికి పైకి తెచ్చుకోవాలి. ఫోనులో చిన్న తెర మీద మాత్రం కుస్తీ పట్టకండి, విసుగొచ్చి మానేస్తారు. డబ్బు పెట్టి కొనడం ఇష్టం లేకపోతే లిబ్రెఆఫీస్ అని ఉచితంగా దొరికేది ఉంది. అందులో 'డ్రా' అనే భాగంలో కలపడం, తీసివెయ్యడం, ఉమ్మడి భాగం ఉంచడం మూడూ ఉన్నాయి.

ఇక లేబులు కొలత. ఇది అన్నిటికన్నా ముందు చెయ్యాలి. పిండి కలిపాక గిన్నె మార్చినట్టు, బొమ్మ గీశాక కొలత మారిస్తే బొమ్మ సాగిపోవడమో కుంచించుకుపోవడమో జరుగుతుంది. సీసా చుట్టూ టేపుతో కొలవండి. వదిన సీసాకి 9 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు సరిపోయింది. పవర్‌పాయింట్‌లో 'డిజైన్' నొక్కి, 'స్లైడ్ సైజ్', దాని కింద 'కస్టమ్ స్లైడ్ సైజ్' తెరవండి. వెడల్పు 9, ఎత్తు 6 అని వెయ్యండి. అంగుళాల్లో చూపిస్తుంటే అంకె పక్కన 'సీఎం' అని ఇంగ్లీషులో కొట్టండి చాలు.

తరవాత షిఫ్ట్ నొక్కిపట్టి ఎఫ్9 కొడితే తెర మీద సన్నటి గళ్లు వస్తాయి. ఇవే మన ముగ్గు చుక్కలనుకోండి. అచ్చులో రావు, కొలతకి మాత్రమే.

అయిదు మంత్రాలు

'ఇన్సర్ట్' లో 'షేప్స్' నొక్కితే గుండ్రం, చదరం, త్రికోణం లాంటివి బోలెడు కనిపిస్తాయి. ఏదైనా రెండు గీసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టండి. మొదటిదాన్ని నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రెండోదాన్ని నొక్కండి. పైన 'షేప్ ఫార్మాట్' అనే పట్టీ వస్తుంది. అందులో ఎడమవైపు 'మెర్జ్ షేప్స్' ఉంటుంది. దాని కిందే మన అయిదు మంత్రాలు.

యూనియన్: రెండూ కలిసి ఒక్కటవుతాయి. రెండు పిండి ముద్దలు కలిపి ఒకే చపాతీ వత్తినట్టు.

కంబైన్: రెండూ కలుస్తాయి గానీ, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట కన్నం పడుతుంది.

ఫ్రాగ్మెంట్: ఎక్కడెక్కడ గీతలు దాటుకున్నాయో అక్కడల్లా ముక్కలవుతుంది. బర్ఫీ కోసినట్టు ఏ ముక్కకాముక్క విడిగా తీసుకోవచ్చు.

ఇంటర్‌సెక్ట్: రెండిటికీ ఉమ్మడిగా ఉన్న భాగమే మిగులుతుంది.

సబ్‌ట్రాక్ట్: మొదట నొక్కినదాంట్లోంచి రెండోది కత్తిరించేస్తుంది. జాకెట్టు మెడ ఇదే!

మాటల మీద బాణం గుర్తు ఆనిస్తే చాలు, నొక్కకముందే ఎలా వస్తుందో తెర మీద చూపిస్తుంది. కాబట్టి భయం లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. దేన్ని ముందు నొక్కారనేది ముఖ్యం. రంగు కూడా మొదట నొక్కినదాని రంగే వస్తుంది. మొదటిసారి వదిన తారుమారుగా నొక్కింది. బొమ్మ మొత్తం మాయం! "అయ్యో, పోయిందే!" అని గుండె మీద చెయ్యేసుకుంది. కంట్రోల్, జెడ్ కొట్టగానే తిరిగొచ్చింది. దాని తరవాత ఆవిడకి ధైర్యం వచ్చింది.

జాడీ గుర్తు తయారీ

మామిడికాయ అందరూ పెడతారు కనక వదిన జాడీ కావాలంది. వాళ్ల అమ్మగారిచ్చిన జాడీలోనే ఇప్పటికీ ఆవకాయ కలుపుతుంది. మేము చేసిన వరస ఇది:

1. మూలలు గుండ్రంగా ఉండే చదరం, అదే 'రౌండెడ్ రెక్టాంగిల్', గీయండి. దాని మీద చిన్న పసుపు చుక్క ఉంటుంది. దాన్ని లాగితే మూలలు ఇంకా గుండ్రమవుతాయి. ఇది జాడీ పొట్ట.

2. పైన కొంచెం ఇరుకుగా మామూలు చదరం పెట్టండి. ఇది మెడ. పొట్టలోకి కాస్త దిగేలా ఉండాలి, లేకపోతే సందు కనిపిస్తుంది.

3. మెడ మీద అడ్డంగా చదునైన కోలాకారం, అంటే 'ఓవల్', పెట్టండి. ఇది మూత.

4. మూడూ ఎంచుకుని, 'అలైన్' లో 'అలైన్ సెంటర్' నొక్కండి. మూడూ ఒకే నిలువు గీత మీదకి వస్తాయి. కంటి అంచనాతో అవస్థ పడక్కర్లేదు.

5. మెర్జ్ షేప్స్, యూనియన్. జాడీ తయారు!

6. ఇప్పుడు ఆకు. షిఫ్ట్ నొక్కిపట్టి ఓవల్ గీస్తే సరైన గుండ్రం వస్తుంది. కంట్రోల్, డి కొడితే దాని నకలు పుడుతుంది. రెండో గుండ్రాన్ని మొదటిదాని మీదకి సగం దాకా జరపండి. రెండూ ఎంచుకుని ఇంటర్‌సెక్ట్. రెండు చివర్లా కోసుగా ఉన్న చక్కని ఆకు మిగులుతుంది. నన్నడిగితే ఈ మొత్తం పనిలో ముచ్చటైన ఘట్టం ఇదే.

7. ఆకుని కాస్త వాల్చి జాడీ పొట్ట మీద పెట్టండి. ముందు జాడీ, తరవాత ఆకు నొక్కి సబ్‌ట్రాక్ట్. జాడీలో ఆకు ఆకారంలో కిటికీ పడుతుంది.

ఒకే రంగులో ఉన్న గుర్తు కాబట్టి రంగుల అచ్చుకి డబ్బు లేని రోజున నలుపు తెలుపు జిరాక్సులో కూడా చక్కగా కనిపిస్తుంది. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పెద్ద ఆదా.

అంచుకి ఎనిమిది రేకుల పువ్వు

సన్నగా పొడుగ్గా ఉన్న ఓవల్ ఒకటి గీయండి. కంట్రోల్, డి మూడుసార్లు కొట్టండి. మొత్తం నాలుగవుతాయి. మొదటిదాన్ని అలాగే ఉంచి మిగతా మూడిటినీ 45, 90, 135 డిగ్రీలకి తిప్పండి. 'రొటేట్' లో అంకె వేసే చోటు ఉంటుంది. చేత్తో తిప్పాలంటే షిఫ్ట్ పట్టుకోండి, 15 డిగ్రీల చొప్పున కదులుతుంది. నాలుగూ ఎంచుకుని 'అలైన్ సెంటర్', 'అలైన్ మిడిల్' రెండూ నొక్కి, యూనియన్ చెయ్యండి. నాలుగు ఓవల్స్‌తో ఎనిమిది రేకులు! మధ్యలో చిన్న గుండ్రం పెట్టి సబ్‌ట్రాక్ట్ చేస్తే ముగ్గుల పువ్వు సిద్ధం. దీన్ని వరసగా నకళ్లు తీసి లేబులు అంచున పేర్చుకోవచ్చు.

వంపులు తిరగాలంటే

మామిడి పిందె లాంటి వంపు కావాలంటే ఇంకో దారి ఉంది. ఓవల్ మీద మౌసు కుడి మీట నొక్కి 'ఎడిట్ పాయింట్స్' అనండి. అంచు మీద నల్లటి చుక్కలు వస్తాయి. ఒక చుక్కని నొక్కితే దానికి రెండు చేతులు మొలుస్తాయి. ఆ చేతుల్ని లాగితే వంపు మారుతుంది. చుక్క మీద మళ్లీ కుడి మీట నొక్కితే అక్కడ కోసుగా ఉండాలా, నున్నగా ఉండాలా అని ఎంచుకోవచ్చు.

ఇలాంటి వంపుల వెనక లెక్క కార్ల తయారీ నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లో 1959లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో దాని మీద పనిచేశారు. 1960లలో రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అందుకే వాటిని బెజియర్ వంపులంటారు. కారు ఒళ్లు గీసిన లెక్కతోనే మనం మామిడి పిందె గీస్తున్నామన్నమాట!

గీయడం రాదనుకునేవాళ్లకి మరో చిట్కా. కాగితం మీద పెన్సిలుతో మీకు నచ్చిన బొమ్మ వెయ్యండి, లేదా మీ వాకిట్లో ముగ్గునే ఫోనుతో ఫొటో తీయండి. దాన్ని స్లైడ్ మీద పెట్టి, షేప్స్‌లో 'ఫ్రీఫామ్' తీసుకుని అంచు వెంబడి చుక్క చుక్కగా నొక్కుతూ వెళ్లండి. మొదలుపెట్టిన చుక్క దగ్గరికి వచ్చి నొక్కితే ఆకారం మూసుకుంటుంది. తరవాత ఫొటో తీసెయ్యండి. ఎంబ్రాయిడరీకి కార్బను కాగితంతో డిజైను దించుకుంటాం చూడండి, అదే!

అక్షరాల దగ్గర జాగ్రత్త

వదినకి ఇదివరకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. అచ్చయి వచ్చిన రెండొందల లేబుళ్ల మీద 'పచ్చడి'లో చ వత్తు విడిపోయి 'పచ్‌చడి' అని పడింది. మన కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంటు అచ్చువేసే చోట లేకపోతే ఇలాంటి అవకతవకలు వస్తాయి. అందుకని ఫైలు పవర్‌పాయింట్‌గా ఇవ్వకండి. 'సేవ్ యాజ్' లో పీడీఎఫ్ ఎంచుకుని ఇవ్వండి. పీడీఎఫ్‌లో అక్షరాలు మీరు చూసినట్టే ఉంటాయి. అయినా సరే, ఒక ప్రతి అచ్చు తీయించి వత్తులు, గుడులు, దీర్ఘాలు వేలు పెట్టి చదువుకున్నాకే మిగతావి వెయ్యమనండి.

తెలుగు ఫాంట్లకి కొదవ లేదు. రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరుకి లావుపాటిది ఒకటి, మిగతా వివరాలకి సన్నటిది ఒకటి తీసుకోండి. అంతకుమించి వాడితే పెళ్లి పందిరిలా గందరగోళంగా ఉంటుంది.

ఆకుపచ్చ చుక్క సరదాకి కాదు

తినే వస్తువు అమ్మేవాళ్లు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. దగ్గర నమోదు చేయించుకోవాలి. లేబులు మీద ఆ 14 అంకెల నంబరు, పదార్థం పేరు, అందులో వేసిన దినుసులు, నికర బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మీ పేరు, చిరునామా ఉండాలి. దినుసులు బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక వచ్చేలా రాయాలి. మీ పదార్థానికి ఇంకా ఏమేమి ఉండాలో నమోదప్పుడే అడిగి రాసుకోండి.

శాకాహార గుర్తు మీరే గీసుకోవచ్చు. చదరం భుజం, లోపలి గుండ్రం అడ్డకొలతకి రెండింతలుండాలి. భుజం 0.8 సెంటీమీటర్లున్న చదరం గీసి, లోపల రంగు తీసేసి ఆకుపచ్చ గీత ఉంచండి. అడ్డకొలత 0.4 ఉన్న గుండ్రం గీసి, ఆకుపచ్చ రంగు నింపండి. రెండిటినీ సెంటరుకీ, మిడిల్‌కీ అలైన్ చేసి, కంట్రోల్, జి కొట్టి జత చెయ్యండి. రొయ్యల పచ్చడి, చికెన్ పచ్చడి పెట్టేవాళ్లకి మాత్రం గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం. ఈ గుర్తుల్ని అందం కోసం పువ్వుగానో ఆకుగానో మార్చకూడదు. మన సొగసంతా జాడీ దగ్గర చూపించుకుందాం!

అచ్చుకి వెళ్లేముందు

* ఎ4 కాగితం మీద 9 x 6 లేబుళ్లు అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు, మొత్తం ఎనిమిది పడతాయి. వీటికి వేరే ఫైలు తెరవండి. 'స్లైడ్ సైజ్' జాబితాలో 'ఎ4' అని కనిపిస్తుంది గానీ నమ్మకండి. అది 27.52 x 19.05 సెంటీమీటర్లే. అసలు ఎ4 కాగితం 29.7 x 21. అంకెలు మీరే వేసుకోండి.

* ప్రింట్ ఇచ్చేటప్పుడు 'స్కేల్ టు ఫిట్ పేపర్' తీసెయ్యండి. పీడీఎఫ్ నుంచి అయితే 'యాక్చువల్ సైజ్' అని చెప్పండి. లేకపోతే లేబులు కొలత మారిపోతుంది.

* యూనియన్ చేసి ఫైలు మూసేశాక ముక్కల్ని మళ్లీ విడదీయలేం. కాబట్టి కలిపేముందు ఆ స్లైడ్‌కి నకలు తీసి పక్కన పెట్టుకోండి. పెరుగు తోడుకి కాస్త మిగుల్చుకున్నట్టు!

* మెర్జ్ షేప్స్ వెలిసిపోయినట్టు కనిపించి పనిచెయ్యకపోతే, మీరు ఎంచుకున్నవాటిలో జత చేసినవి ఉన్నాయేమో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, జి కొట్టి విడదీస్తే సరి.

* తెర మీది రంగూ అచ్చులో రంగూ ఒకలా ఉండవు. తెర మీద మెరిసే ఎరుపు కాగితం మీద కాస్త డల్‌గా పడొచ్చు. నమూనా చూసి సరిచేసుకోండి.

* గుర్తు మీద కుడి మీట నొక్కి 'సేవ్ యాజ్ పిక్చర్' అంటే విడి బొమ్మగా దాచుకోవచ్చు. వాట్సాప్‌కి పీఎన్‌జీ బావుంటుంది. పెద్ద బోర్డు రాయించాలంటే ఎస్‌వీజీ దాచుకోండి, ఎంత పెంచినా అంచులు చెదరవు. ఎస్‌వీజీ కొత్త పవర్‌పాయింట్‌లలోనే ఉంటుంది.

మనదనే ధీమా

"ఇంటర్నెట్‌లో ఇన్ని బొమ్మలుండగా ఈ కష్టమంతా ఎందుకు?" అని మీరు అడగొచ్చు. ఆ బొమ్మ ఎవరో వేసినది. వాళ్ల అనుమతి లేకుండా వ్యాపారానికి వాడితే రేపు గొడవ రావచ్చు. అనుమతి ఉన్నా, మీకు దొరికినట్టే పక్కింటివాళ్లకీ దొరుకుతుంది. మీరు గీసుకున్నది మాత్రం మీదే. వ్యాపారం పెరిగాక ఆ గుర్తుని 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద నమోదుకి పెట్టుకునే వీలుంది.

మా వదిన జాడీ మొదటి రోజు కొంచెం వంకరగా వచ్చింది. మూత ఒకవైపు ఎక్కువైంది. రెండో రోజు మధ్యాహ్నం నేను అన్నం వడ్డించేలోపు తనే 'అలైన్' నొక్కి సరిచేసుకుంది. కొత్త లేబుళ్లు అతికించిన సీసాలు వరండాలో వరసగా పెట్టి, కాసేపు అలా చూస్తూ నిలబడింది. ఏమీ అనలేదు.

మొన్న ఫోన్ చేసింది. ఆ బూజు సీసా తెచ్చినావిడే మళ్లీ వచ్చిందట. "మా అమ్మాయి జాడీ బొమ్మ ఉన్న పచ్చడే పంపమందండీ, రెండు సీసాలివ్వండి" అందట. వదిన ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. తరవాత, "ఏమ్మా, పొడులకి రోలు బొమ్మ గీద్దామనుకుంటున్నాను. రోలుకి పైన గుంట సబ్‌ట్రాక్టేనా?" అని అడిగింది.

"అవును వదినా, ముందు రోలు నొక్కు, తరవాత గుంట" అన్నాను.